ఆజ్ఞాపించే అధికారం లేని మహాసభలు: ప్రపంచ సువార్త ప్రణాళికలు ఎక్కడ పుడతాయి?

క్లుప్తంగా: ప్రపంచ సువార్తీకరణ గురించి చర్చించే అంతర్జాతీయ ప్రొటెస్టెంట్ సభలకు ఏ క్రైస్తవ సంఘాన్నీ (చర్చినీ) శాసించే అధికారం లేదు. అవి వాడుకలోకి తెచ్చే మాటలు, లెక్కలు, పటాలే వాటి ప్రభావం. 1910 నాటి ఎడిన్‌బరో నుంచి 2024 నాటి ఇంచియాన్ దాకా సభలో కూర్చునేవాళ్లు మారిపోయారు, పత్రం ఎవరు రాయాలన్న తగవు మాత్రం తీరలేదు. ఈ ప్రణాళికల్లోని ఒక కీలక భావనకు భారతదేశపు సామూహిక ఉద్యమాల్లో, వాటిలో తెలుగు పల్లెల్లో కూడా, మూలాలున్నాయి.

2024 సెప్టెంబరు 22 నుంచి 28 దాకా దక్షిణ కొరియాలోని ఇంచియాన్ నగరంలో 200కు పైగా దేశాల నుంచి 5,000 మందికి పైగా క్రైస్తవ నాయకులు సమావేశమయ్యారు. 1974లో స్విట్జర్లండ్‌లో మొదలైన లొజాన్ ఉద్యమం పేరిట జరిగిన నాలుగో మహాసభ అది. ఇలాంటి సభ వార్తల్లోకి వచ్చినప్పుడు తెలుగునాట తరచు రెండు రకాల మాటలు వినిపిస్తాయి. దేశాల్ని మతం మార్చడానికి ఎక్కడో కూర్చుని పథకం వేశారని ఒకటి. ఇక లోకమంతటికీ సువార్త అందే రోజు దగ్గరపడిందని రెండోది. ఒకటి భయం, ఇంకోటి ఆశ. రెండింటి కిందా ఉన్న ఊహ మాత్రం ఒక్కటే: సభలో అనుకున్నది బయట జరిగిపోతుందని. ఈ సభల చరిత్ర నూట పదిహేనేళ్లది. అందులో ఆ ఊహకు ఆధారం చాలా తక్కువ.

ముందుగా, ఏ నాయకులు?

రోమన్ కతోలిక సంఘానికి సువార్తీకరణ కోసం వాటికన్‌లో ప్రత్యేక విభాగమే ఉంది, దానికి అధ్యక్షత వహించేది స్వయంగా పోప్. బిషప్పుల నియామకం రోము చేతిలో ఉంటుంది కాబట్టి అక్కడి నిర్ణయానికి కింది దాకా దారి ఉంది. 1948లో ఆమ్‌స్టర్‌డాంలో ఏర్పడిన ప్రపంచ క్రైస్తవ సంఘాల మండలి తీరు వేరు. ప్రొటెస్టెంట్, ఆర్థడాక్స్ సంఘాలు అందులో సభ్యులు. దక్షిణ ఇండియా సంఘం, అంటే జనం సీఎస్ఐ అని పిలిచేది, అందులోదే. అది సలహా ఇస్తుంది, సభ్య సంఘాలు వినొచ్చు, వినకపోవచ్చు. ప్రపంచ ఇవాంజెలికల్ కూటమి ఇంకొకటి. వివిధ దేశాల్లోని ఇవాంజెలికల్ సమాఖ్యల సమాహారం అది. ఇవాంజెలికల్స్ అంటే వ్యక్తిగత మారుమనసుకూ సువార్త ప్రకటనకూ పెద్దపీట వేసే ప్రొటెస్టెంట్లు.

లొజాన్ ఉద్యమం వీటిలో ఏ కోవకూ పూర్తిగా చెందదు. దానికి సభ్య సంఘాలు లేవు. సభకు పిలిచేది వ్యక్తుల్ని. వచ్చినవాళ్లు తమ సంఘాల తరఫున ఓటు వెయ్యరు. తిరిగి వెళ్లాక ఫలానా పని చెయ్యలేదేమని అడిగే యంత్రాంగం కూడా లేదు. ఇంత వదులుగా ఉన్న వేదిక ప్రభావం ఎలా చూపుతోందన్నదే అసలు విషయం.

ఎడిన్‌బరో, 1910

ఆధునిక కాలంలో ఈ ఒరవడికి మొదలు 1910 జూన్‌లో స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభ. అధ్యక్షుడు అమెరికాకు చెందిన జాన్ మాట్, కార్యదర్శి జె. హెచ్. ఓల్డమ్. ఎనిమిది అధ్యయన సంఘాలు ముందే ప్రశ్నావళులు పంపి, ప్రపంచం నలుమూలల మిషనరీల నుంచి జవాబులు తెప్పించి, సంపుటాలకు సంపుటాలు నివేదికలు సిద్ధం చేశాయి. ఒక రకంగా ఇది మతసభ కన్నా గణాంక సేకరణకు దగ్గర.

సుమారు 1,200 మంది ప్రతినిధులు వచ్చారు. సీట్ల పంపకం ఎలా జరిగిందో చూస్తే ఆ కాలపు లోకం అర్థమవుతుంది. ఒక మిషన్ సంస్థ విదేశీ సేవకు ఏడాదికి ఎంత ఖర్చు పెడుతుందో దాన్ని బట్టి దానికి అన్ని సీట్లు. డబ్బు పంపేవాళ్లకే సీట్లన్నమాట. ఆసియా నుంచి వచ్చినవాళ్లు ఇరవై మంది లోపే. కతోలికులు లేరు, ఆర్థడాక్స్ వాళ్లు లేరు. దక్షిణ అమెరికా అప్పటికే క్రైస్తవ ఖండమని ఆంగ్లికన్లలో ఒక వర్గం పట్టుబట్టడంతో ఆ ఖండం చర్చలోకే రాలేదు.

ఆ కొద్దిమంది ఆసియావాసుల్లో వి. ఎస్. అజరయ్య ఒకరు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. అక్కడి క్రైస్తవులు 1903లో సొంత డబ్బుతో, సొంత మనుషులతో పెట్టుకున్న భారత మిషనరీ సంఘం స్థాపకుల్లో ఒకడు. ఆ సంఘం పని మొదలుపెట్టింది తెలుగు నేల మీద, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌లో. ఎడిన్‌బరోలో ఆయన విదేశీ మిషనరీలకూ భారతీయ సేవకులకూ మధ్య ఉన్న దూరం గురించి మాట్లాడాడు. బీదలకు మీ ఆస్తి ఇచ్చారు, మీ శరీరాల్ని కాల్చబడడానికి అప్పగించారు, మేం ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు మిత్రుల్ని ఇవ్వండి అంటూ ముగించాడు. ప్రేమ లేకపోతే ఈ త్యాగాలన్నీ వ్యర్థమని చెప్పే, బైబిల్లో కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదమూడో అధ్యాయం తెలిసిన వాళ్లకు ఆ మాట ఎక్కడ తగులుతుందో చెప్పక్కర్లేదు. సభలో కొందరు నొచ్చుకున్నారు.

రెండేళ్ల తర్వాత, 1912 డిసెంబరులో, కలకత్తాలో అజరయ్యకు డోర్నకల్ బిషప్పుగా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. అయితే అది ఎడిన్‌బరో తీర్మానం ఫలితం కాదు. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ పట్టుదల, డోర్నకల్‌లో అప్పటికే సాగుతున్న పని అందుకు దారి తీశాయి. ఎడిన్‌బరో నుంచి నేరుగా పుట్టింది 1921 నాటి అంతర్జాతీయ మిషనరీ మండలి.

తాంబరంలో రెండు వాదాలు

ఆ మండలి 1938 సభను చైనాలోని హాంగ్‌జౌలో పెట్టాలనుకుంది. జపాన్ దండయాత్రతో అది కుదరక సభ మద్రాసు దగ్గరి తాంబరానికి వచ్చింది. క్రిస్టియన్ కాలేజీ అప్పుడే అక్కడి కొత్త ఆవరణలోకి మారింది. డిసెంబరు 12 నుంచి 29 దాకా సాగిన సభకు 471 మంది ప్రతినిధులు వచ్చారు, వారిలో సగం దాకా ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా సంఘాల వాళ్లే. ఎడిన్‌బరో నాటి నిష్పత్తి ఇరవై ఎనిమిదేళ్లలో పూర్తిగా మారిపోయింది. భారత జాతీయ క్రైస్తవ మండలి అధ్యక్షుడి హోదాలో అజరయ్య అక్కడ ఉన్నాడు.

డచ్ పండితుడు హెండ్రిక్ క్రేమర్ ఈ సభ కోసమే ఒక గ్రంథం రాశాడు. క్రీస్తులో వెల్లడైన సత్యానికీ మిగతా మతాలకూ మధ్య నేరుగా కొనసాగింపు లేదన్నది ఆయన వాదం. మద్రాసులోని క్రైస్తవ ఆలోచనాపరులు కొందరు సభకు ముందే దీనికి జవాబుగా వ్యాససంపుటి తెచ్చారు. వారిలో ముఖ్యుడు నెల్లూరుకు చెందిన పాండిపెద్ది చెంచయ్య, పుదుక్కోట్టై సంస్థానంలో న్యాయమూర్తిగా పనిచేసినవాడు. క్రీస్తు కొత్త సృష్టికి ఆరంభం, ఆయన్ని పాశ్చాత్య సంఘం చట్రంలో బిగించి తేవడమెందుకు, హిందూ వారసత్వానికి వీపు తిప్పడమెందుకు అన్నది ఆయన ప్రశ్న. క్రేమర్ పేరు ప్రపంచమంతా పాకింది. చెంచయ్య పేరు దైవశాస్త్ర కళాశాలల గ్రంథాలయాలు దాటి పెద్దగా బయటికి రాలేదు.

మండలి విలీనం, ఇవాంజెలికల్స్ వేరు కుంపటి

1961లో న్యూఢిల్లీ సభలో అంతర్జాతీయ మిషనరీ మండలి ప్రపంచ క్రైస్తవ సంఘాల మండలిలో కలిసిపోయింది. ఆ దశాబ్దమంతా వలసపాలన కూలుతున్న కాలం. మండలి ధ్యాస పేదరికం, జాత్యహంకారం, విముక్తి పోరాటాల వైపు మళ్లింది. 1971లో కెన్యా ప్రెస్బిటేరియన్ నాయకుడు జాన్ గాటు ఇంకా ముందుకు వెళ్లి, విదేశీ మిషనరీల్నీ విదేశీ డబ్బునూ కొంతకాలం ఆపమన్నాడు. ఆఫ్రికా సంఘాలు సొంత కాళ్ల మీద నిలబడాలంటే అదే మార్గమని ఆయన ఉద్దేశం.

సువార్త ప్రకటన వెనక్కి పోతోందని ఇవాంజెలికల్స్‌కు గుబులు పట్టుకుంది. 1966లో బెర్లిన్‌లో ఒక మహాసభ జరిపారు. తర్వాత అమెరికన్ ప్రచారకుడు బిల్లీ గ్రాహం చొరవతో 1974 జూలై 16 నుంచి 25 దాకా స్విట్జర్లండ్‌లోని లొజాన్ నగరంలో 150 దేశాల నుంచి 2,400 మందికి పైగా సమావేశమయ్యారు.

నిర్వాహకులు ఎదురుచూసింది సువార్త వేగం పెంచే వ్యూహాల్ని. లాటిన్ అమెరికా ప్రతినిధులు రెనె పడియా, సామ్యుయెల్ ఎస్కొబార్ అడిగింది మాత్రం, అన్యాయం గురించి నోరెత్తని సువార్త ఏం సువార్త అని. అమెరికన్ జీవన విధానాన్నే సువార్తగా ఎగుమతి చేస్తున్నారని పడియా సూటిగా విమర్శించాడు. బ్రిటిష్ ఆంగ్లికన్ జాన్ స్టాట్ నాయకత్వంలో రాసిన ముసాయిదాలోకి ఈ విమర్శ చేరింది. లొజాన్ నిబంధన అని పేరు పెట్టిన ఆ 15 పేరాల ఒప్పంద పత్రంలో ఐదో పేరా సామాజిక బాధ్యతను నిర్లక్ష్యం చేసినందుకు పశ్చాత్తాపం ప్రకటించింది. ఆరో పేరా మాత్రం సంఘ సేవలో సువార్తదే ప్రథమ స్థానం అంది. తొమ్మిదో పేరా, విదేశీ మిషనరీలనూ డబ్బునూ తగ్గించడం కొన్నిచోట్ల అవసరం కావచ్చని గాటు డిమాండుకు సగం తల ఊపింది.

అందరికీ కొంత కొంత ఇచ్చిన ఈ అమరికను రాజీ అనవచ్చు. యాభై ఏళ్లుగా ఆ ఉద్యమం లోపల సాగుతున్న చర్చంతా ఐదో పేరాకూ ఆరో పేరాకూ మధ్య ఉన్న జాగాలోనే జరుగుతోంది. అదే ఏడాది శరదృతువులో కతోలిక బిషప్పుల సభ కూడా సువార్తీకరణ మీదే జరిగింది. 1975 డిసెంబరులో పోప్ ఆరో పౌలు విడుదల చేసిన ప్రబోధ పత్రం ఆత్మల రక్షణకూ మానవ విముక్తికీ ఉన్న సంబంధం అనే ఇదే ముడితో కుస్తీ పట్టింది.

ఒంగోలు నుంచి లొజాన్‌కు: ఒక భావన ప్రయాణం

లొజాన్‌లో అన్నిటికన్నా దూరం వెళ్లిన మాట నిబంధనలోది కాదు. అమెరికన్ మిషన్ పండితుడు రాల్ఫ్ వింటర్ చేసిన ప్రసంగంలోది. దాదాపు ప్రతి దేశంలోనూ సంఘం ఉంది కాబట్టి పని పూర్తయినట్టేనన్న ధీమాను ఆయన తప్పుపట్టాడు. దేశాల్ని కాదు, ప్రజాసమూహాల్ని లెక్కపెట్టండి అన్నాడు. తమ భాష, తమ ఆచారం, తమ బంధుత్వాల లోపల సువార్త చెప్పేవాళ్లు ఒక్కరూ లేని సమూహాలు వేలల్లో ఉన్నాయని, పక్క ఊళ్లో సంఘం ఉన్నా వాళ్లకు అది సముద్రం అవతల ఉన్నంత దూరమేనని వాదించాడు. సువార్త అందని ప్రజలు అని ఇప్పుడు తెలుగు సంఘాల్లోనూ వినిపించే మాటకు ఊపు అక్కడే వచ్చింది.

దీనికి ఆధారం మత్తయి సువార్త చివర్లోని ఆజ్ఞ. మూలంలోని ఎత్నే అనే గ్రీకు మాటకు జాతులు, సమూహాలు అన్న అర్థం ఉంది. తెలుగు బైబిల్లో అది సమస్త జనులను శిష్యులనుగా చేయుడి అని ఉంటుంది. మామూలు పాఠకుడికి జనులంటే మనుషులందరూ. వింటర్ చదివిన పద్ధతిలో అది ఒక్కో సమూహం.

ఈ చూపు ఆయనకు ఎక్కడి నుంచి వచ్చింది? వింటర్ సహోద్యోగి, గురుతుల్యుడు డొనాల్డ్ మెక్‌గావ్రన్. మధ్య భారతంలోని దమోహ్‌లో 1897లో పుట్టి, ఇక్కడే దశాబ్దాలు మిషనరీగా పనిచేసినవాడు. భారత క్రైస్తవుల్లో అత్యధికులు ఒక్కొక్కరుగా కాక కుటుంబాలు, పేటలు, కులాలు మొత్తంగా ఎందుకు వచ్చారన్న ప్రశ్న ఆయన్ని పట్టుకుంది. ఆ దారిలో ఆయనకు ముందు నడిచిన మెథడిస్టు బిషప్పు వాస్కమ్ పికెట్ 1930ల్లో దేశంలోని సామూహిక ఉద్యమాల మీద చేసిన అధ్యయనంలో తెలుగు ప్రాంతాలూ ఉన్నాయి.

సామూహిక ఉద్యమం అనగానే గుర్తొచ్చేది ఒంగోలు. అక్కడ పునాది వేసింది అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒక్కడే కాదు. తోళ్ల వ్యాపారం మీద ఊరూరా తిరిగే మాదిగ, యర్రగుంట్ల పేరయ్య కూడా. క్లౌ ఒంగోలులో కాపురం పెట్టక ముందే పేరయ్య మనసు మారింది, ఆయన తిరిగిన దారుల్లోనే, ఆయన బంధువర్గంలోనే ఆ నమ్మకం పాకింది. తర్వాత ధాత నామ సంవత్సరపు కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగానికి గుత్త తీసుకుని జనానికి కూలి కల్పించాడు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పనులు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు నిలిపేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

ఇది ఏ అంతర్జాతీయ సభ వేసిన ప్రణాళికా కాదు. ఎడిన్‌బరో సభకు ముప్పై రెండేళ్ల ముందు జరిగింది. ఇలాంటి ఉద్యమాల్ని చూసిన పండితులు సూత్రం తీశారు: భాష, జాతి, వర్గం అనే గోడలు దాటనక్కర్లేనప్పుడు మనుషులు సులువుగా క్రైస్తవులవుతారని. 1974లో ఆ సూత్రం ప్రపంచ వేదిక ఎక్కింది. 1982లో అమెరికాలో జరిగిన ఒక సమావేశం దానికి నిర్వచనం ఇచ్చింది. అర్థం కావడంలోగానీ అంగీకరించడంలోగానీ అడ్డు లేకుండా సంఘస్థాపన ఉద్యమం పాకగల అతిపెద్ద సమూహమే ప్రజాసమూహం. చివరికి అది గణాంక పట్టికగా తిరిగి భారతదేశానికే వచ్చింది. జాషువా ప్రాజెక్టు అనే అమెరికన్ పరిశోధన సంస్థ జాబితాలో సువార్త అందని సమూహాలు అన్ని దేశాలకన్నా భారత్‌లోనే ఎక్కువ. ఇక్కడికి వచ్చేసరికి సమూహం అంటే దాదాపుగా కులమే.

విమర్శ కూడా ఇక్కడే పుట్టింది. కులం గోడల వెంబడి పని చేస్తే సంఘం త్వరగా పెరుగుతుంది, కానీ గోడలు సంఘం లోపలికీ వస్తాయి. మాల సంఘం, మాదిగ సంఘం అని వేరుగా చెప్పుకునే ఊళ్లు తెలుగునాట కొత్త కాదు. వేర్వేరు వర్గాల మనుషుల్ని ఒకటి చేయడమే సువార్త సారమైతే ఈ సూత్రం దాన్ని వాయిదా వేస్తోందని పడియా వాదించాడు. దీని మీద 1977లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో ప్రత్యేకంగా చర్చ పెట్టారు. తగవు మాత్రం అక్కడితో తీరలేదు.

పటం మీద గీసిన దీర్ఘచతురస్రం

1989లో మనీలాలో జరిగిన రెండో మహాసభలో అర్జెంటీనాలో పుట్టిన లూయిస్ బుష్ ఇంకో చిత్రం ఇచ్చాడు. ఉత్తర అక్షాంశం 10 డిగ్రీల నుంచి 40 డిగ్రీల దాకా, పశ్చిమ ఆఫ్రికా నుంచి తూర్పు ఆసియా దాకా ఒక దీర్ఘచతురస్రం. సువార్త తక్కువగా అందినవాళ్లలో అధికులు ఇందులోనే ఉన్నారని చెప్పడం దాని ఉద్దేశం. త్వరలోనే దానికి 10/40 కిటికీ అని పేరు పడింది.

మిషన్ సంస్థలకు ఏటా డబ్బు కావాలి. ఇచ్చే మామూలు విశ్వాసికి వేల సమూహాల పట్టిక తలకెక్కదు, పటం మీది పెట్టె ఒక్క చూపులో ఎక్కుతుంది. ప్రార్థన పుస్తకాలు, నిధుల పిలుపులు, మిషనరీల శిక్షణ అన్నీ దాని చుట్టూ తిరిగాయి. సభకు ఆజ్ఞాపించే అధికారం లేకపోయినా దాని ప్రభావం పాకే దారి ఇదే: సభ మాటను ఇస్తుంది, మాట దాతకు చేరుతుంది, దాత డబ్బు ఎటు వెళ్లాలో మాట చెబుతుంది.

ఆ పెట్టె ఎంత మోటుదో చూడడానికి దూరం వెళ్లక్కర్లేదు. శతాబ్దానికి పైగా సంఘాలున్న ఒంగోలు, డోర్నకల్ రెండూ అందులో పడతాయి. అక్షాంశాల లెక్కన ఆ ఆలోచన ప్రకటించిన మనీలా కూడా అందులోదే. 2024 సభకు ఆతిథ్యం ఇచ్చిన ఇంచియాన్ కూడా అంతే, వేల మంది మిషనరీల్ని బయటికి పంపుతున్న దేశం అది.

కేప్‌టౌన్, ఇంచియాన్

అమెరికన్ పరిశోధన సంస్థ ప్యూ అంచనా ప్రకారం 1910లో ప్రపంచ క్రైస్తవుల్లో 82 శాతం ఐరోపా, ఉత్తర అమెరికా వంటి సంపన్న ఉత్తర భూభాగంలో ఉండేవారు. 2010 నాటికి అది 39 శాతానికి పడిపోయింది. ఆ ఏడాదే కేప్‌టౌన్‌లో జరిగిన మూడో మహాసభకు 198 దేశాల నుంచి సుమారు 4,000 మంది వచ్చారు. చైనా గృహసంఘాల నుంచి ఆహ్వానం అందిన 200 మందిలో చాలామందిని అక్కడి ప్రభుత్వం విమానాశ్రయాల్లోనే ఆపేసింది. ఉద్యమ సారథ్యం 2013లో కొరియన్ అమెరికన్ మైకేల్ ఓ చేతికి వచ్చింది.

ఇంచియాన్‌లో విడుదలైన సియోల్ ప్రకటనను రూపొందించిన బృందానికి శ్రీలంకకూ ఆఫ్రికాకూ చెందిన ఇద్దరు సారథులు. ఎడిన్‌బరోతో పోలిస్తే ఇది పెద్ద మార్పే. తగవు మాత్రం కొత్త రూపంలో వచ్చింది. 1974లో ప్రతినిధుల వ్యాఖ్యల్ని బట్టి ముసాయిదా సభలోనే మారింది. 2024లో మొదటి రోజునే పూర్తయిన పత్రం వాళ్ల చేతికొచ్చింది. ఇక మేం చర్చించడానికేముందని కొందరు అభ్యంతరం చెప్పారు. స్వలింగ సంబంధాల మీది వాక్యాల్ని విడుదల తర్వాత సవరించాల్సి వచ్చింది.

న్యాయం గురించిన ప్రసంగంలో పాలస్తీనీయుల బాధను ప్రస్తావించి రూత్ పడియా డిబోర్స్ట్ ఇంకో దుమారానికి కేంద్రమయ్యారు. నిర్వాహకులు ప్రతినిధులకు క్షమాపణ లేఖ పంపారు. ఆమె 1974లో అదే వేదిక మీద ప్రశ్న లేవనెత్తిన రెనె పడియా కూతురు.

భారతదేశంలో ఇవి ఎంతవరకు పనిచేస్తాయి?

రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇస్తుంది. 1977 నాటి స్టెయిన్స్‌లాస్ కేసులో సుప్రీంకోర్టు, ఆ హక్కులో ఎదుటివాణ్ణి మతం మార్చే హక్కు లేదని తేల్చింది. పర్యాటక వీసా మీద వచ్చి మత ప్రచారం చేయడం నిబంధనలకు విరుద్ధం. వీటికన్నా నేరుగా తగిలింది విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ. విదేశీ నిధులు అందుకున్న సంస్థ వాటిని ఇంకో సంస్థకు బదలాయించడాన్ని అది నిషేధించింది. పెద్ద సంస్థ డబ్బు తెచ్చి ఊళ్లలోని చిన్న సంస్థలకు పంచే పద్ధతి మీదే చాలా పథకాలు నడిచేవి. ఆ గొలుసు మధ్యలోనే తెగింది.

మరోపక్క తెలుగు రాష్ట్రాల్లో కళ్లకు కనిపించే సంఘాల్లో చాలావాటికి ఈ సభలతో సంబంధమే లేదు. 1941లో మద్రాసులో మొదలై 1950లో హైదరాబాద్ గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోనును కేంద్రం చేసుకున్న భక్తసింగ్ సహవాసాలు ఏ విదేశీ మిషన్ ప్రణాళికలోంచీ రాలేదు. ఆ తర్వాత వచ్చిన స్వతంత్ర, పెంతెకొస్తు సంఘాలు ఇంకా చెదురుమదురు. ఒక పాస్టరు, ఒక పాక, ఆదివారం కానుక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, అంతే. ఆ పాస్టర్లలో ఎక్కువమందికి ఇంచియాన్ నుంచి ఆహ్వానం రాలేదు. వాళ్ల సంఘాలు ఏ పట్టికలో ఏ సమూహం కింద లెక్కకు వస్తాయో, అసలు వస్తాయో రావో, ఆ పట్టిక తయారుచేసే వాళ్లకే తేల్చడం కష్టం.